రెండు విద్యుత్ క్రాసోవర్ల భద్రతను పోల్చుకోవడం ఎలా?

విశాఖలో విద్యుత్ క్రాసోవర్ (ఎస్‌యూవీ తరహా కారు) కొనదలచినవారు భద్రతా నక్షత్రాలు లెక్కపెట్టి ఆగిపోకూడదు. టాటా నెక్సాన్ ఈవీ, మహీంద్రా ఎక్స్‌యూవీ400 రెండింటికీ, కార్లను ఢీకొట్టించి భద్రతను పరీక్షించే భారత్ ఎన్‌క్యాప్ 5 నక్షత్రాలే ఇచ్చింది. కానీ పెద్దల రక్షణలో 32కు మొదటిది 29.86, రెండవది 30.38 సాధించగా, పిల్లల రక్షణలో 49కి వరుసగా 44.95, 43 వచ్చాయి కనుక, పసివాళ్లున్న ఇంటికి నా ఓటు మొదటిదానికే. అయితే ఆ మార్కులు చైల్డ్ సీటులో కూర్చున్న బిడ్డకే వర్తిస్తాయి, ఒళ్లో కూర్చున్న బిడ్డకు కాదు. అందువల్ల మీ చైల్డ్ సీటునే షోరూమ్‌కు తీసుకెళ్లి, వెనక సీటు సందులో వేళ్లు దూర్చి చైల్డ్ సీటును పట్టి ఉంచే ఐసోఫిక్స్ కడ్డీలను తడిమి, సీటును వాటికి బిగించి, గట్టిగా లాగి చూడండి. టెస్ట్ డ్రైవ్‌ను బీచ్ రోడ్డుతో సరిపెట్టక, సింహాచలం ఘాట్ రోడ్డు దిగుతూ బ్రేకులను పరీక్షించండి. ఎందుకంటే బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు రీజనరేటివ్ బ్రేకింగ్ (మోటారే కారు వేగాన్ని తగ్గిస్తూ బ్యాటరీని చార్జ్ చేసే పద్ధతి) బలహీనపడుతుంది.