మంద లేని కాపరి కుక్క – 3వ పాఠం: ముక్కుకు పని

గత రెండు పాఠాల్లో వేళల సంగతి, లీష్ పట్టి నడిపించే సంగతి తేల్చుకున్నాం. విజయవాడ ఎండల్లో కుక్కను బయట తిప్పడానికి మిగిలేది ఉదయం ఆరున్నర లోపు, రాత్రి ఎనిమిది తరువాత. తారు రోడ్డు మీద మీ చేతి వెనుక భాగం ఏడు సెకన్లు నిలవకపోతే ఆ రోడ్డు కుక్క పాదాలకూ పనికిరాదని చెప్పుకున్నాం. మరి మధ్యలో పదమూడున్నర గంటల మాటేమిటి? సోఫా అంచు కొరకడం, గేటు దగ్గర ప్రతి స్కూటర్‌నూ అదిలించడం, పిల్లల మడమలు పట్టుకుని ఒక మూలకు తోలడం, అన్నీ ఆ గంటల్లోనే జరుగుతాయి.

చాలామంది దీనికి వేసే మందు ఇంకా పరుగు. మైదానానికి తీసుకెళ్లి బంతి విసురుతూనే ఉంటారు. నెల తిరిగేసరికి కుక్క అలసటకు అలవాటు పడి, రెట్టింపు పరుగు అడుగుతుంది. మీరు ఇంట్లోనే ఒక క్రీడాకారుణ్ణి తయారు చేశారన్నమాట. లేజర్ లైటుతో గోడ మీద చుక్కను తరిమించడం ఇంకా చెడ్డది. అందని చుక్క కోసం వెర్రెత్తిన కుక్కలు ఆ తరువాత నీడల వెంట కూడా పడతాయి. ఆ బొమ్మ ఇంట్లో ఉంటే ఈరోజే పారేయండి.

బోర్డర్ కోలీ, జర్మన్ షెపర్డ్ లాంటి ఈ మంద కాసే జాతుల పుట్టుక గుర్తు చేసుకుంటే విషయం తేలికవుతుంది. 1873లో వేల్స్‌లోని బాలా పట్టణంలో గొర్రెల కుక్కల పోటీ పెట్టినప్పుడు చూసింది కుక్క ఎంత వేగంగా పరుగెత్తుతుందని కాదు, మందను ఎంత నేర్పుగా నడిపిస్తుందని. 1893లో పుట్టిన ఓల్డ్ హెంప్ అనే కుక్క నేటి బోర్డర్ కోలీలకు మూలపురుషుడు. అరుపు లేకుండా, మీద పడకుండా, చూపుతోనే గొర్రెలను కదిలించేదని దానికి పేరు. మన పెద్దలు అల్సేషియన్ అని పిలిచే జర్మన్ షెపర్డ్ కూడా మొదట మందను కాసినదే. ఇవి కాళ్లతో పాటు బుర్రతో బతికిన కుక్కలు. ఎక్కడికి వెళ్లాలి, ఎప్పుడు ఆగాలి అని తేల్చుకునే పని దొరికితేనే వాటి మనసు కుదుటపడుతుంది. ఆ పనిని హాల్లో, ఫ్యాను కింద ఇవ్వగలిగేది ముక్కు ద్వారానే.

ఒక షరతు. రొప్పుతున్న కుక్క సరిగా వాసన పట్టలేదు. నోరు తెరిచి ఒంటి వేడి దించుకోవడం, ముక్కుతో గాలి పీల్చి పసిగట్టడం రెండూ ఒకేసారి సాగవు. కృష్ణా తీరపు ఉక్కపోతలో నాలుక మీది తడి త్వరగా ఆరదు కాబట్టి ఆ రొప్పు చాలాసేపు తగ్గదు. నడక నుంచి రాగానే మొదలుపెట్టకండి. నీళ్లు తాగి, నోరు మూసుకుని మామూలుగా ఊపిరి తీసుకున్నాకే పాఠం. మధ్యలో కరెంటు పోతే పాఠం కూడా ఆపేయండి.

తాయిలం శనగగింజంత ముక్కలుగా ఉండాలి. ఉప్పు, మసాలా లేకుండా ఉడికించిన కోడిమాంసం అన్నిటికన్నా మేలు. కూరలోంచి తీసిన ముక్క వద్దు, ఉల్లిపాయ కుక్కకు విషం. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కూడా అంతే. పెట్టినంత తాయిలం ఆ పూట తిండిలో తగ్గించండి.

మొదటి మెట్టు. తలుపులు మూసి నేల మీద కూర్చోండి. కుక్క చూస్తుండగా ఒక ముక్కను దాని ముందు పెట్టి, తల వంచే క్షణంలో ‘వెతుకు’ అనండి. అలా కొన్నిసార్లు అయ్యాక కుర్చీ కాలు వెనుక, తరువాత కాళ్లు తుడుచుకునే పట్టా కింద. ఇంకొకరు దాన్ని పట్టుకుని ఉంటే సులువు. ఇంట్లో అందరూ అదే మాట వాడాలి. నాయనమ్మ ‘చూడు’ అని, మనవడు ‘తే’ అని అంటే కుక్క మీ ముఖాలే చూస్తూ కూర్చుంటుంది.

రెండో మెట్టుకు గుంత పొంగనాల పెనం కావాలి. కోటింగ్ లేని పాతది ఉంటే దీనికే కేటాయించేయండి, మళ్లీ పొయ్యి మీదికి ఎక్కించకండి. మూడు గుంతల్లో తాయిలం వేసి, అన్ని గుంతల మీదా టెన్నిస్ బంతులు పెట్టండి. మొదటిరోజు పంజా విసురుతుంది, బంతులు సోఫా కిందికి పోతాయి. కొన్ని కోలీలు తిండి సంగతి మరిచి బంతులన్నీ ఒక మూలకు చేరుస్తాయి, అది వాటి రక్తంలో ఉన్న బుద్ధి. నవ్వి ఊరుకుని మళ్లీ పేర్చండి. కొన్నాళ్లకు పంజా ఆగి ముక్కు ముందుకు వస్తుంది. అప్పుడు వంగి చూడండి. ఒక్కో బంతి మీద క్షణం నిలుస్తుంది, నాసికారంధ్రాల పక్కన ఉన్న సన్నటి చీలికలు గబగబా తెరుచుకుని మూసుకుంటాయి. వదిలే గాలి ఆ పక్క దారుల్లోంచి పోతుంది కాబట్టే ఎదురుగా ఉన్న వాసన చెదరదు. ఖాళీ గుంత మీది బంతిని ముట్టకుండా దాటిపోయిన రోజున కుక్క ఊహించడం మాని పసిగట్టడం నేర్చుకున్నట్టు. ఆట అయ్యాక బంతులు తీసి దాచేయండి. వాటి మీది నూగు నమిలితే పళ్లు అరుగుతాయి.

ఇక్కడ పాఠం చెడేది కుక్క వల్ల కాదు. కాపరి కనుసన్నల్లో పనిచేసిన జాతి ఇది. మీరు దాచిన చోటును ఓరకంట చూసినా ముక్కును వదిలేసి మీ చూపును చదివేస్తుంది. వేలు చూపించడం సరేసరి. గోడ గడియారం వైపో కిటికీ వైపో చూస్తూ నిలబడండి. దొరకక మీ దగ్గరికి వచ్చి మొరిగితే జవాబివ్వకండి. మరీ విసిగిపోతే తరువాతి ముక్కను సులువైన చోట పెట్టండి, అంతే గాని చూపించకండి.

మూడో మెట్టులో తిండికి బదులు, పేరు చెప్పి వెతికించే వస్తువు. అమెరికాలో ఛేజర్ అనే బోర్డర్ కోలీ 1,022 బొమ్మల పేర్లు నేర్చుకున్నట్టు 2011లో పరిశోధన పత్రం వచ్చింది. మనకు రెండు చాలు. ఒక పాత చేతిరుమాలు, ఒక తాడు ముడి. ఒకదాని పేరు స్థిరపడే వరకు రెండోదాన్ని బయటికి తీయకండి.

గుంటూరు పాఠకులకు ఒక మాట: మిరప కోతల కాలంలో కల్లాల పక్కన, యార్డు రోడ్ల మీద ఈ ఆట ఆడించకండి. మనకే తుమ్ములు ఆగని ఘాటు, దాని ముక్కుకు ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు.

పూటకు పది నిమిషాలు మించకూడదు. ఇంకా కావాలని తోక ఊపుతున్నప్పుడే రెండు అరచేతులూ ఖాళీగా చూపించి ‘అయిపోయింది’ అని, దాని చాప దగ్గరికి తీసుకెళ్లి కూర్చోబెట్టండి. ఆపడం తెలియని జాతికి ఆపడం కూడా మనమే నేర్పాలి.

ఈ వారం మొదటి రెండు మెట్లు చాలు. వచ్చే పాఠంలో ఆటోల వెంట పడే కుక్క సంగతి చూద్దాం. అందాకా ఉదయం నడకలో అది ఎంత దూరం నుంచి ఆటోను గమనించి, తల కిందికి దించి, బిగుసుకుపోతుందో రోజూ కాగితం మీద రాసి ఉంచండి. ఆ దూరం తెలియకుండా నాలుగో పాఠం మొదలుపెట్టలేం.