దుబాయ్‌లో మనవాళ్లెవరైనా చనిపోతే: కొత్తగా వచ్చిన తమ్ముళ్లకు

కొత్తగా దిగినవాళ్లకు సిమ్ కార్డు గురించి, బ్యాంకు అకౌంట్ గురించి అందరూ చెప్తారు. చావు గురించి మాత్రం అపశకునమని ఎవరూ ఎత్తరు. ఏళ్ల తరబడి క్యాంపుల్లో ఉన్నవాణ్ని కాబట్టి నేను చెప్తున్నాను.

మా గదిలో జగిత్యాల వైపు నుంచి వచ్చిన తాపీ మేస్త్రీ ఒకన్న ఉండేవాడు. రాత్రి మాతో కలిసి తిని పడుకున్నాడు, పొద్దున బస్సు టైముకు లేపితే లేవలేదు. ఇంటి నంబర్ మాలో ఎవరి దగ్గరా లేదు. ఆయన ఫోనుకు లాక్. పోలీసులు గదిలో ఉండగానే ఆరింటికి ఆ ఫోన్ మోగింది, స్క్రీన్ మీద ‘బిడ్డ’ అని వచ్చింది. బడికి పోయే ముందు ఆ పిల్ల రోజూ చేసే వీడియో కాల్ అది. కెమెరా మీద వేలు అడ్డం పెట్టి ఎత్తాను. ‘అమ్మకు ఇవ్వమ్మా’ అని మాత్రం అనగలిగాను.

అందుకే మొదటి వారంలోనే ఈ పని చేయండి. ఇంటి నంబర్లు రెండు కాగితం మీద రాసి, పాస్‌పోర్ట్, వీసా కాపీలతో కలిపి గదిలో నమ్మకమైనవాళ్లకు ఇవ్వండి. అవే ఫోటోలు ఇంటికీ పంపండి. పెళ్లికి ముందు తీసుకున్న పాస్‌పోర్ట్ అయితే రెన్యువల్‌లో భార్య పేరు చేర్పించండి. ఆ అన్న పాస్‌పోర్ట్‌లో భార్య పేరు లేదు. ఆమే భార్య అని ఊరి నుంచి కాగితాలు తెప్పించేసరికి నాలుగు రోజులు పోయాయి. ఆ నాలుగు రోజులూ ఆయన మార్చురీలోనే ఉన్నాడు.

గదిలో ఎవరైనా చనిపోతే కదిలించకండి, బట్టలు కూడా సర్దొద్దు. పోలీసులకు 999, అంబులెన్స్‌కు 998. వెంటనే కంపెనీ పీఆర్వోకు, అంటే వీసా, ఆఫీసు పనులు చూసేవాడికి చెప్పండి. ఆస్పత్రి బయట పోతే పోలీసులు బాడీని పరీక్షకు తీసుకెళ్తారు. అనుమానం ఏమీ లేకపోతే వాళ్లు లెటర్లు ఇస్తారు, మిగతా పనులన్నీ ఆ లెటర్లతోనే కదులుతాయి. కాపీలు ఎక్కువే తీసి పెట్టుకోండి.

ఆ తర్వాత డెత్ సర్టిఫికెట్. అది రాగానే ఇండియన్ కాన్సులేట్‌కు వెళ్లాలి. అబుదాబిలో ఉన్నవాళ్లకు ఎంబసీ, దుబాయ్‌కీ, షార్జా, అజ్మాన్ లాంటి ఉత్తరాది ఎమిరేట్లకూ కాన్సులేట్. అక్కడ ఒరిజినల్ పాస్‌పోర్ట్ క్యాన్సిల్ చేసి, మరణాన్ని నమోదు చేసి, బాడీ తీసుకెళ్లడానికి ఎన్వోసీ (అభ్యంతరం లేదనే పత్రం) ఇస్తారు. ఎవరికి అప్పగించాలో ఇంటివాళ్లు రాసిచ్చిన అంగీకారపత్రం కావాలి. ఇక్కడే దహనం చేసి అస్థికలు పంపమని కుటుంబం కోరితే జెబెల్ అలీలో శ్మశానవాటిక ఉంది. ఆ మాట ఇంటివాళ్ల నోటి నుంచే రావాలి, ఖర్చు చూసి మనం ఒత్తిడి చేయకూడదు. వీసా క్యాన్సిల్ చేయించడం కంపెనీ పని. ఎంబామింగ్, అంటే బాడీ చెడిపోకుండా మందులు ఎక్కించడం, దుబాయ్‌లోనే సోనాపూర్ వైపు, ముహైస్నాలో జరుగుతుంది. ఆ సర్టిఫికెట్ కూడా చేతికి వచ్చాకే ఎయిర్‌లైన్ కార్గోలో బుకింగ్. పెట్టె బరువును బట్టి డబ్బు తీసుకుంటారు. పెట్టె మీద పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్న స్పెల్లింగ్‌తోనే ఉందో లేదో అక్షరం అక్షరం చూసుకోండి.

ఖర్చు పెట్టాల్సింది కంపెనీ, యూఏఈ చట్టం చెప్పేది అదే. కంపెనీని వదిలేసి ఖల్లివెల్లి (సరైన వీసా లేకుండా ఉంటున్నవాడు) అయినవాడైనా, కంపెనీ మూతపడినా, ఇంటివాళ్లకు స్తోమత లేకపోతే 2009లో పెట్టిన భారతీయ సామాజిక సంక్షేమ నిధి నుంచి సాయం అడగొచ్చు. ఖల్లివెల్లి అని భయపడి కాన్సులేట్‌కు పోకుండా ఉండకండి. ఏజెంట్లతో మాత్రం జాగ్రత్త. మా దగ్గరికి వచ్చిన ఒకడు అసలు ఖర్చుకు దాదాపు రెండింతలు చెప్పాడు. ఏడుస్తున్న ఇంటివాళ్లు ఎంతంటే అంతకు ఒప్పుకుంటారని వాళ్లకు తెలుసు. ఈ పనిని ఉచితంగా చేసిపెట్టే సంఘాల పేర్లు కాన్సులేట్‌లో అడిగితే చెప్తారు.

హైదరాబాద్‌లో ఇంటివాళ్లు చాలాసార్లు ప్రయాణికులు బయటికొచ్చే గేటు దగ్గర నిలబడతారు. పెట్టె అటు రాదు, కార్గో టెర్మినల్‌కు వస్తుంది. ఈ మాట ముందే చెప్పండి. ఊరి దాకా ఉచిత అంబులెన్స్ కోసం తెలంగాణవాళ్లు ప్రభుత్వ ఎన్నారై విభాగాన్ని, ఆంధ్రావాళ్లు ప్రవాసుల కోసం ఉన్న ఏపీఎన్నార్టీ సంస్థను అడగాలి. విమానం బయల్దేరకముందే అడగాలి.

డబ్బు విషయం కూడా చెప్తాను. కేంద్ర ప్రభుత్వ పథకమైన ప్రవాసీ భారతీయ బీమా 10 లక్షలు ఇస్తుంది గానీ అది ప్రమాద మరణానికే. మా అన్నలాగా నిద్రలో గుండె ఆగిపోతే రాదు. అందుకే దుబాయ్ కాన్సులేట్ చొరవతో 2024 మార్చిలో వచ్చిన బీమా గురించి మీ కంపెనీని అడగండి. ఏడాదికి 37 దిర్హమ్‌ల నుంచి మొదలయింది, సహజ మరణానికీ వర్తిస్తుంది, బాడీ పంపే ఖర్చు కూడా అందులో ఉంటుంది. తెలంగాణవాళ్లకైతే 2023 డిసెంబర్ 7 నుంచి గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబానికి ప్రభుత్వం 5 లక్షలు ఇస్తోంది. ఆరు నెలల లోపు కలెక్టర్‌కు దరఖాస్తు పెట్టాలి. క్యాన్సిలైన పాస్‌పోర్ట్, డెత్ సర్టిఫికెట్ దానికి కావాలి, ఇంటివాళ్లు పారేయకుండా చూడండి. రావాల్సిన జీతం, గ్రాట్యుటీ (ఉద్యోగం ముగిసినప్పుడు కంపెనీ ఇచ్చే డబ్బు) లెక్క కంపెనీ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి.

చివరికి సామాను. ఇద్దరు సాక్షుల ముందు లిస్టు రాసి, సంతకాలు పెట్టి, ఊరికి వెళ్లేవాళ్ల చేతికి ఇవ్వండి. పోలీసులు తిరిగిచ్చిన ఫోన్‌ను రీసెట్ చేయకండి. లాక్ తెలియకపోయినా అలాగే పంపండి. ఆ అన్న ఫోన్ లాక్ ఇంటికి చేరాక వాళ్ల బిడ్డే తీసిందట.