పీఈ (వ్యాయామ విద్య)లో మార్కులు పెరగాలంటే పీరియడ్ బయట ఏం చేయించాలి

వారానికి రెండు మూడు పీఈ పీరియడ్లు ఉన్నా, వరుసలో నిలబడి తన వంతు కోసం చూసే టైమ్ తీసేస్తే పిల్లలు నిజంగా ఒళ్లు వంచేది కొద్దిసేపే. మార్కుల తేడా ఎక్కువగా మిగతా రోజుల్లోనే వస్తుంది.

ముందు టీచర్‌ని అడగండి, మార్కులు దేనికి వేస్తారని. పరుగుకా, బంతి ఆటకా, రోజూ పాల్గొన్నందుకా? ఇది తెలియకుండా మొదలుపెడితే సగం కష్టం వృథా, ఎందుకంటే రోజూ సైకిల్ తొక్కే పిల్లకి దమ్ము పెరుగుతుంది కానీ బంతి పట్టడం రాదు, దానికి బంతితోనే సాధన చేయాలి.

దమ్ము సంగతికొస్తే, 5 నుంచి 17 ఏళ్ల వాళ్లకి రోజుకి సగటున 60 నిమిషాలు కాస్త ఆయాసం వచ్చేలా కదలిక ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. గంటా ఒకేసారి చేయక్కర్లేదు. స్కూలుకి గబగబా నడవడం, సాయంత్రం ఆట, అన్నీ లెక్కే. మాట్లాడగలగాలి కానీ పాట పాడలేకపోవాలి, ఆ వేగం చాలు. వారంలో 3 రోజులు మాత్రం ఇంకా గట్టిగా పరుగెత్తడం, గెంతడం, ఎక్కడం లాంటివి ఉండాలి. పరీక్షలో 20 మీటర్ల షటిల్ రన్, అంటే 20 మీటర్ల దూరంలో ఉన్న రెండు గీతల మధ్య అటూ ఇటూ పరుగెత్తడం, ఉంటే ఒక మెళకువ: గీత దగ్గర ఆగి వెనక్కి తిరగడం విడిగా నేర్పించండి, చాలామంది అక్కడే టైమ్ పోగొట్టుకుంటారు.

పరీక్షకి వారం ముందు మొదలుపెడితే కాళ్ల నొప్పులే మిగులుతాయి. ఆరు నుంచి ఎనిమిది వారాలు చేతిలో పెట్టుకోండి, మధ్యలో మానేస్తే వచ్చిన దమ్ము కొన్ని వారాల్లోనే తగ్గిపోతుంది.

పక్కింటి పిల్లతో పోల్చకండి, ఇది దయచేసి వినండి. ఒకే క్లాసులో ఉన్నా కొందరి శరీరం ముందే ఎదుగుతుంది, అందుకే వాళ్లకి దూరం దూకడం, వేగంగా పరుగెత్తడం చాలాసార్లు సులువవుతుంది. పోయిన నెల మీ పిల్ల ఎంత దూకిందో రాసిపెట్టుకుని దానితోనే చూడండి. మైదానంలో నలుగురిలో నవ్వులపాలైన పిల్ల తర్వాత ఏదో సాకుతో పీరియడ్ ఎగ్గొడుతుంది, కదలిక ఇంకా తగ్గుతుంది, మార్కులూ తగ్గుతాయి.

పరీక్ష రోజు కొత్త బూట్లు వద్దు, అలవాటైనవే వేయండి. కడుపునిండా తిన్నాక కనీసం రెండు గంటలు గ్యాప్ ఉండేలా చూడండి.