కాష్‌లో ఉన్న డేటా ఆలస్యంగా వస్తుంటే: రీడ్ లేటెన్సీని కొలిచి తగ్గించే పద్ధతి

డేటాను అనేక సర్వర్లలో (నోడ్‌లలో) పంచి ఉంచే డిస్ట్రిబ్యూటెడ్ డేటాబేస్‌లో కాష్ హిట్ రేటు, అంటే అడిగిన డేటా మెమరీలోని కాష్‌లోనే దొరికే శాతం, బాగున్నా రీడ్‌లు నెమ్మదిగానే ఉంటే, చాలామంది ముందుగా కాష్ పరిమాణాన్ని పెంచుతారు. అది తొందరపాటు. మెమరీ నుంచి విలువను అందుకోవడానికి సుమారు 100 నానోసెకన్లు పడితే, అదే డేటా సెంటర్‌లోని మరో సర్వర్‌కు వెళ్లి రావడానికి దాదాపు 500 మైక్రోసెకన్లు, అంటే 5,000 రెట్ల సమయం పడుతుంది. అందువల్ల మెమరీ కన్నా ముందు, అక్కడికి చేరే దారిని కొలవాలి.

అలాంటి డేటాబేస్ అయిన కసాండ్రాలో ఈ పనికి రెండు ఆదేశాలున్నాయి. 'నోడ్‌టూల్ టేబుల్‌హిస్టోగ్రామ్స్' ఆ నోడ్ తన దగ్గరి డేటాను చదవడానికి పట్టిన సమయాన్ని చూపితే, 'నోడ్‌టూల్ ప్రాక్సీహిస్టోగ్రామ్స్' కోఆర్డినేటర్‌గా, అంటే క్వెరీని అందుకుని ఇతర నోడ్‌ల జవాబులను కూర్చే నోడ్‌గా, మొత్తం రీడ్‌కు పట్టిన సమయాన్ని చూపుతుంది. సగటును వదిలి 99వ పర్సంటైల్‌ను, అంటే 99 శాతం రీడ్‌లు ఎంత సమయంలోపు ముగిశాయో ఆ అంకెను, చూడండి. మొదటిది తక్కువగా, రెండోది ఎక్కువగా ఉంటే ఆలస్యం నెట్‌వర్క్‌లోనో, మరో రెప్లికా (అదే డేటా నకలు ఉన్న నోడ్) కోసం ఎదురుచూడడంలోనో ఉంది. రెండూ ఎక్కువైతే గార్బేజ్ కలెక్షన్ (వాడని మెమరీని ఖాళీ చేసే పని) విరామాలను, డిస్క్ రీడ్‌లను పరిశీలించాలి.

ఆ తరువాత ఒక నెమ్మది క్వెరీని తీసుకుని, కసాండ్రా క్వెరీలను నడిపే సీక్యూఎల్ షెల్‌లో 'ట్రేసింగ్ ఆన్' ఇచ్చి నడపండి. ప్రతి అడుగు పక్కన నోడ్ చిరునామా, గడిచిన మైక్రోసెకన్లు కనిపిస్తాయి. ఈ అంకెను ఏ నోడ్‌కు ఆ నోడ్ విడిగా లెక్కిస్తుంది కాబట్టి, ఒకే నోడ్‌కు చెందిన వరుసలనే పోల్చి, అంకె ఒక్కసారిగా పెరిగిన చోటును గుర్తించాలి.

ఇక్కడే అసలు విషయం బయటపడుతుంది. కాష్ ఏ నోడ్‌కు ఆ నోడ్‌దే. మూడు రెప్లికాలున్నప్పుడు కోరమ్ రీడ్, అంటే సగానికి మించిన రెప్లికాల జవాబు కోరే రీడ్, రెండింటి జవాబు కోసం ఆగుతుంది. ఒక నోడ్ మెమరీ నుంచే జవాబిచ్చినా, రెండోది డిస్క్ నుంచి చదివితే మొత్తం రీడ్ దాని వేగంతోనే ముగుస్తుంది. ఆ రెండోది 1,000 కిలోమీటర్ల దూరంలో ఉంటే ఫైబర్‌లో కాంతి వెళ్లి రావడానికే 10 మిల్లీసెకన్లు పడుతుంది, దాన్ని ఏ కాష్ కూడా తగ్గించలేదు. అటువంటప్పుడు అదే డేటా సెంటర్‌లోని రెప్లికాల మెజారిటీతో సరిపెట్టుకునే లోకల్ కోరమ్ వాడి, రెప్లికాకే నేరుగా క్వెరీని పంపే టోకెన్-అవేర్ డ్రైవర్‌ను అమర్చండి. కన్సిస్టెన్సీని (ఎన్ని రెప్లికాల జవాబు కావాలనే స్థాయిని) 'వన్'కు, అంటే ఒక్కదానికి, దించితే పాత విలువ రావచ్చు. కేవలం వేగం కోసం ఆ పని చేయడాన్ని నేను సమర్థించను.

వరుసలను మెమరీలో ఉంచే రో కాష్‌ను అరుదుగా మారే పార్టిషన్‌లకే (ఒకే కీ కింద ఉండే వరుసల సమూహాలకే) పరిమితం చేయాలి, ఎందుకంటే రైట్ జరిగిన వెంటనే ఆ పార్టిషన్ కాష్ ఎంట్రీ చెల్లదు. జవాబు ఆలస్యమైతే మరో రెప్లికాను కూడా అడిగే స్పెక్యులేటివ్ రీట్రై ఒక్క రెప్లికా మందగించినప్పుడు మేలు చేస్తుంది గాని, క్లస్టర్ అంతా భారంతో ఉన్నప్పుడు ఆ అదనపు రీడ్‌లు భారాన్ని ఇంకా పెంచుతాయి.