7, 11, 13లతో భాగమవుతుందా? ఒకే లెక్కతో మూడూ తేల్చేయండి

పోటీ పరీక్షలకు చదివేవాళ్లకు 3, 9, 11 సూత్రాలు కంఠతా వచ్చే ఉంటాయి. టెన్షనంతా 7, 13 దగ్గరే. 7 × 11 × 13 = 1001 అని గుర్తుంటే చాలు, దారి దొరికినట్టే.

254386139 తీసుకోండి. కుడివైపు నుంచి మూడేసి అంకెలుగా విడగొట్టండి: 254, 386, 139. లక్షలు, కోట్లకు మనం పెట్టే కామాలను ఇక్కడ పట్టించుకోవద్దు. అవి వేల తర్వాత రెండేసి అంకెలకు పడతాయి, దాంతో లెక్క మొత్తం తప్పుతుంది. ఇప్పుడు కుడి చివరి ముక్కతో మొదలుపెట్టి ఒకటి తీసేస్తూ, తర్వాతది కలుపుతూ రండి: 139 − 386 + 254 = 7. ఈ 7 ఏడుతో భాగమవుతుంది, 11తో గానీ 13తో గానీ కాదు. అసలు సంఖ్యా అంతే. ఏడుతో భాగించి చూడండి, 36340877 నిశ్శేషంగా వస్తుంది.

నాకు మరీ నచ్చేది శేషం సంగతి. ఆ పెద్ద సంఖ్యను 11తో భాగించినా, 13తో భాగించినా మిగిలేది ఆ 7 మాత్రమే. ఫలితం మైనస్‌లో వస్తే 1001 కలిపేయండి. సున్నా వచ్చిందంటే మూడింటితోనూ భాగమవుతుంది, 382382 లాగా.