క్లచ్ ప్లేట్లు ఇంట్లోనే మార్చుకోవడం: మట్టిలో, ఇసుకలో తిరిగే బండ్ల కోసం

మోటారు సైకిలు నాలుగో గేరులో గంటకు 40 కి.మీ. వేగంతో వెళ్తున్నప్పుడు, ముందు రోడ్డు ఖాళీగా ఉందో లేదో చూసుకుని యాక్సిలరేటర్ ఒక్కసారి బాగా ఇవ్వండి. ఇంజను గోల పెట్టి, ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజను తిరిగే చుట్లు) పైకి లేచి, వేగం మాత్రం ఉన్నచోటే ఉంటే క్లచ్ జారుతోందని అర్థం. కొండపల్లి వైపు ఎత్తుల్లో అయితే ఈ పరీక్ష కూడా అక్కర్లేదు. రెండో గేరులో ఎక్కాల్సిన చోట బండి అరుస్తూ ఆగిపోతుంది, కాలిన వాసన ముక్కుకి కొడుతుంది.

అయినా వెంటనే కవరు విప్పకండి. విజయవాడ పక్కనే ఉన్న మా గొల్లపూడిలో పక్క వీధి కుర్రాడొకడు మొన్నామధ్య బండి తెచ్చి, "అన్నా, క్లచ్ ప్లేట్లు పోయాయి, సెట్టు ఎక్కడ కొనాలి?" అన్నాడు. క్లచ్ లివరు పట్టుకుని చూస్తే ఆటే (ఖాళీ కదలికే) లేదు, వైరు బిగదీసుకుని ఉంది. "ముందు ఇది వదులు చెయ్యి తమ్ముడూ, తర్వాత చూద్దాం" అన్నాను. అడ్జస్టర్ తిప్పి వదులు చేశాక బండి మామూలుగా లాగింది. కేబుల్ క్లచ్ ఉన్న చాలా బండ్లకు లివరు చివర 10 నుంచి 20 మి.మీ. దాకా ఖాళీగా కదలాలి. మీ బండికి సరైన కొలత ఎంతో మాన్యువల్‌లో ఉంటుంది. ఆ ఆట లేకపోతే మీరు లివరు ముట్టుకోకపోయినా క్లచ్ కొంచెం నొక్కి ఉంచినట్టే. ప్లేట్లు పూర్తిగా పట్టవు, రాసుకుంటూ కాలిపోతాయి.

రెండోది ఆయిలు. మన బండ్లలో క్లచ్ ఇంజను ఆయిల్లోనే పనిచేస్తుంది. డబ్బా మీద జాసో (జపాన్ వాళ్ల ఆయిలు ప్రమాణం) ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి. ఎంబీ అని ఉన్నది గేరులేని స్కూటర్ల కోసం చేసింది, దానిలో రాపిడి తక్కువ. కార్లలో పోసే ఇంధనం ఆదా చేసే ఆయిళ్లలో కూడా రాపిడి తగ్గించే మందులు కలుపుతారు. కారు ఇంజనుకు అది మేలే, మన క్లచ్‌కి మాత్రం ప్లేట్ల మధ్య పట్టు తప్పుతుంది. ఇంట్లో కారుకి తెచ్చింది మిగిలింది కదా అని బండిలో పోయకండి.

ఆటా ఆయిలూ రెండూ సరిగ్గా ఉండి ఇంకా జారుతుంటే అప్పుడు ప్లేట్ల సంగతి. ఇక్కడే ఒక మాట గట్టిగా చెప్పాలి. ప్లేట్లు మార్చడం పెద్ద పనేం కాదు, ఓ పూట పని. అవి ఎందుకు కాలాయో తేల్చకుండా మారిస్తే కొత్తవీ అలాగే పోతాయి. మన దగ్గర నేను చూసినంతలో కారణాలు ముఖ్యంగా రెండు. వేసవిలో ప్రకాశం బ్యారేజీ దిగువన కృష్ణలో ఇసుక తేలినప్పుడు బండ్లు దింపుతారు. చక్రం కూరుకుపోగానే సగం క్లచ్ పట్టుకుని ఇంజనుని అరిపిస్తారు. రెండోది నల్లరేగడి. వాన పడ్డాక తుళ్లూరు, అమరావతి పొలం దారుల్లోకి వెళ్లండి, ఆ మట్టి టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య ముద్దగా పట్టేసి చక్రాన్ని తిరగనివ్వదు. చక్రం కట్టేసి ఉండగా క్లచ్ మీద బలం చూపిస్తే ఆ వేడంతా ప్లేట్లలోకే పోతుంది. దిగి కర్రతో మట్టి గీకేయడం ఒక్కటే దారి. ఎంత చిరాకు వేసినా అదే చెయ్యండి.

ఇక పనిలోకి వద్దాం. మే నెల అయితే తెల్లవారి ఆరింటికి మొదలుపెట్టండి. పది దాటితే మన ఎండకి చెమట కళ్లలో పడుతుంది, ఆ చిరాకులో బోల్టులు అతిగా బిగిస్తారు. బండి ముందురోజు రాత్రే నిలిపి ఉంచితే ఇంజను చల్లగా ఉంటుంది.

కొనాల్సినవి: ఫ్రిక్షన్ ప్లేట్ల (రాపిడి పదార్థం అతికించినవి) సెట్టు, క్లచ్ స్ప్రింగుల సెట్టు, కవరు ప్యాకింగ్, ఇంజను ఆయిలు, ఆయిల్ ఫిల్టరు. ఇవన్నీ బండి మోడల్, తయారైన సంవత్సరం చెప్పి తీసుకోండి. ఒకే పేరుతో వచ్చిన బండిలో కూడా ఏడాదిని బట్టి భాగాలు మారుతుంటాయి. ప్లేట్లలో కంపెనీవే కొనమంటాను. పైన అతికించిన పదార్థం నాసిరకమైతే ఊడి ఆయిల్లో కలుస్తుంది, ఆ తునకలు పోయి ఆయిల్ దారుల్లో అడ్డుపడతాయి. పనిముట్లలో 8, 10 నంబర్ల టీ పానాలు, మందం కొలవడానికి వెర్నియర్, సన్నటి సందులు కొలవడానికి ఫీలర్ గేజ్ (పలుచటి రేకుల కట్ట), బోల్టు ఎంత బలంతో బిగుస్తోందో చూపే చిన్న టార్క్ రెంచ్. టార్క్ రెంచ్ ఖరీదే. స్నేహితులు నలుగురు కలిసి ఒకటి కొనుక్కోండి, అందరికీ పనికొస్తుంది.

కొత్త ఫ్రిక్షన్ ప్లేట్లు ముందురోజు రాత్రే వెడల్పాటి గిన్నెలో వేసి, బండిలో పోయబోయే ఆయిల్లోనే నానబెట్టండి. ప్రతి ప్లేటూ రెండు వైపులా తడవాలి. పొడి ప్లేట్లు బిగిస్తే మొదట్లోనే పైపొర మాడొచ్చు. పెట్రోలుతో కడిగి శుభ్రం చేద్దామని మాత్రం చూడకండి.

కొందరు బండిని ఎడమవైపు పడుకోబెట్టి ఆయిలు తీయకుండానే కవరు విప్పుతారు. పోటీల మధ్యలో అది సరే. ఇంట్లో తీరిగ్గా చేసేటప్పుడు ఆయిలు మొత్తం దించేయడమే నాకు నచ్చిన పద్ధతి. కాలిన ప్లేట్ల పొడి ఆ ఆయిల్లోనే ఉంటుంది, దాన్ని మళ్లీ ఎందుకు వాడటం? దించేటప్పుడు కాస్త వేళ్ల మధ్య రుద్ది చూడండి. నల్లటి పొడి ప్లేట్లది. ఇనుప రజను కనిపిస్తే సమస్య క్లచ్ దాటి లోపలికి వెళ్లిందేమో అని అనుమానించాలి, అప్పుడు మెకానిక్‌ని పిలవడమే మంచిది.

చాలా బండ్లలో క్లచ్ కవరు ఇంజనుకి కుడివైపు ఉంటుంది. వెనక బ్రేకు పెడలు అడ్డం వస్తే విప్పి పక్కన పెట్టండి. క్లచ్ వైరుని కవరు మీది ఆర్మ్ నుంచి తప్పించండి. కవరు చుట్టూ మట్టిని తడిగుడ్డతో, బ్రష్‌తో ముందే తుడిచేయాలి, లేకపోతే విప్పగానే అదంతా ఇంజన్లో పడుతుంది.

ఇప్పుడొచ్చేది అందరూ తొందరపడే చోటు. కవరు బోల్టులు అన్నీ ఒకే పొడవు ఉండవు. నూజివీడు మామిడిపళ్లు వచ్చిన అట్టపెట్టె మూత ఒకటి తీసుకుని, దాని మీద పెన్నుతో కవరు ఆకారం గీయండి. బోల్టు ఉన్న ప్రతి చోటా అట్టకి కన్నం పొడిచి, విప్పిన బోల్టుని విప్పినట్టే ఆ కన్నంలో గుచ్చండి. ఏ బోల్టు ఎక్కడిదో అట్టే చెబుతుంది. పొడవు బోల్టు పొట్టి చోట పెట్టి బిగిస్తే అది అడుగున తగిలి ఆగుతుంది, కవరు మాత్రం పట్టదు. పొట్టిది పొడవు చోట పెడితే రెండు మూడు పురులే పట్టి, బిగించగానే అల్యూమినియం పురి ఊడొస్తుంది. పురి పోతే ఆటోనగర్‌లో లేత్ పనివాళ్ల దగ్గర హెలికాయిల్ (పోయిన పురి స్థానంలో కూర్చోబెట్టే తీగ చుట్ట) వేయించుకోవాలి. ఐదు నిమిషాల అట్ట పనితో అదంతా తప్పుతుంది.

బోల్టులన్నీ తీశాక కవరుని రబ్బరు సుత్తితో అంచుల మీద చిన్నగా తట్టండి. స్క్రూడ్రైవరు దూర్చి లేపకండి, అతుకు మీద గాటు పడితే తర్వాత ఆయిలు కారుతుంది. కవరు వచ్చేటప్పుడు రెండు గొట్టాల్లాంటి డోవెల్ పిన్నులు ఇటో అటో అంటుకుని ఉంటాయి. కింద పడి దొర్లిపోకుండా చూసుకోండి. పాత ప్యాకింగ్ ముక్కలు ప్లాస్టిక్ కార్డు అంచుతో గీకండి. అతుక్కుపోయి రాకపోతే కాస్త కిరసనాయిలు రాసి నాననివ్వండి. గీకే ముందు లోపల శుభ్రమైన బనియను గుడ్డ కప్పండి.

లోపల గుండ్రంగా ప్రెషర్ ప్లేటు, దాని మీద స్ప్రింగుల బోల్టులు కనిపిస్తాయి. బండిని బట్టి నాలుగో, ఐదో, ఆరో ఉంటాయి. ఒకటి మొత్తం విప్పి తర్వాత ఇంకొకటి అనుకోవద్దు. ఎదురెదురుగా ఉన్నవాటిని అర చుట్టు చొప్పున వదులు చేసుకుంటూ రావాలి. బలమంతా స్ప్రింగు కూర్చునే ఒకే స్తంభం మీద పడితే అది పుటుక్కున విరుగుతుంది, అప్పుడు ఆ భాగమంతా మార్చాలి. మధ్యలో ఉన్న పెద్ద నట్టు జోలికి వెళ్లక్కర్లేదు. ప్లేట్లు మార్చడానికి అది విప్పే పనే లేదు. ఇది తెలియకే చాలామంది భయపడి వదిలేస్తారు.

ప్లేట్లు ఒక్కొక్కటే తీస్తూ, వచ్చిన వరసలోనే ఒక ఇనుప తీగకి గుచ్చండి. ఫోను ఉంది కదా, ప్రతి దశకీ ఫోటో తీయండి. ఫ్రిక్షన్ ప్లేటు, స్టీలు ప్లేటు ఒకటి విడిచి ఒకటి ఉంటాయి. అట్టడుగుదో, అన్నిటికంటే పైదో మిగతావాటికి భిన్నంగా ఉండొచ్చు, లోపలి వ్యాసం పెద్దదిగానో అంచు గుర్తు వేరేగానో. కొన్ని బండ్లలో అడుగున పలుచటి జడ్డర్ స్ప్రింగు (క్లచ్ వణకకుండా ఆపే రింగు), దాని కింద వాషరు కూడా ఉంటాయి. ఏది ఏ వైపుకి తిరిగి ఉందో కూడా ఫోటోలో పడాలి.

ఇక కొలత. ఫ్రిక్షన్ ప్లేటు మందం నాలుగు చోట్ల వెర్నియర్‌తో చూడండి. కొత్తవి చాలా బండ్లలో 3 మి.మీ. అటూ ఇటూ ఉంటాయి, ఎంత తగ్గితే పారేయాలో మాన్యువల్ చెబుతుంది. కానీ నేను ఎక్కువ సేపు చూసేది స్టీలు ప్లేట్లనే. వాటిని మందపాటి అద్దం ముక్క మీద పరచి, అంచు కింద ఫీలర్ గేజ్ దూర్చి చూడాలి. వంపు 0.15 నుంచి 0.3 మి.మీ. మధ్య ఎక్కడో మాన్యువళ్లు హద్దు పెడతాయి. మీ బండి హద్దు దాటితే, లేదా ప్లేటు మీద నెమలి మెడ నీలం రంగు పరుచుకుని ఉంటే, ఆ ప్లేటు వేడికి దెబ్బతిన్నట్టే. డబ్బులు మిగులుతాయని వాటినే వేసి ఫ్రిక్షన్ ప్లేట్లు మాత్రం కొత్తవి పెడితే, వంకర స్టీలుకి రాసుకుని కొత్తవీ తొందరగా అరుగుతాయి.

స్ప్రింగులు విడిగా నిలబెట్టి పొడవు కొలవండి. వేడికి అవి కుదించుకుపోతాయి, పట్టు పోతుంది. తర్వాత బాస్కెట్ (ప్లేట్లు కూర్చునే గిన్నెలాంటి భాగం) గోడల్లో వేలు పెట్టి తడమండి. ప్లేటు చెవులు కొట్టుకుని అక్కడ మెట్లు పడి ఉంటాయి. చిన్నవైతే సన్నటి ఆకురాయితో సమంగా రుద్ది, పొడి లోపల పడకుండా తుడిచేయండి. గోరు ఆగిపోయేంత లోతు ఉంటే బాస్కెట్టే మార్చాలి, లేకపోతే ప్లేట్లు ఆ మెట్లలో ఇరుక్కుని లివరు నొక్కినా విడవవు.

బిగింపు, విప్పిన దానికి సరిగ్గా తలకిందులు. ఎక్కువ బండ్లలో మొదట ఫ్రిక్షన్ ప్లేటు, ఆఖరున కూడా ఫ్రిక్షన్ ప్లేటే. స్టీలు ప్లేటుకి ఒక వైపు అంచు పదునుగా, రెండో వైపు నునుపుగా ఉంటుంది. పదును అన్నిటికీ ఒకే వైపు ఉండేలా పేర్చండి. పైది బాస్కెట్‌లో వేరే గాడిలో కూర్చునే బండ్లు కూడా ఉన్నాయి, మీ ఫోటో చూసుకోండి. ప్రెషర్ ప్లేటు పళ్లలో సరిగ్గా కూర్చుందో లేదో వేలితో నొక్కి తిప్పి చూశాకే స్ప్రింగులు పెట్టండి. గుర్తులు ఉంటే కలపాలి. సరిగ్గా కూర్చోకుండా బిగిస్తే ప్లేటు పగులుతుంది. స్ప్రింగుల 6 మి.మీ. బోల్టులకు చాలా బండ్లలో 10 న్యూటన్ మీటర్లు అటూ ఇటూ చాలు, అదీ ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా. చేత్తో అయితే టీ పానా పిడిని రెండు వేళ్లతో పట్టుకుని బిగించండి, అరచేయి వేయొద్దు.

ప్యాకింగ్ కొత్తదే వేయాలి, పాతదానికి గమ్ము పూసి వాడొద్దు. డోవెల్ పిన్నులు వాటి చోట్లో పెట్టి, కవరుని చేత్తో నొక్కితే పూర్తిగా వెళ్లి కూర్చోవాలి. అర సెంటీమీటరు ఖాళీ మిగిలితే లోపల ఏదో కలవలేదని లెక్క, బోల్టులతో లాగి మూయకండి, తీసి మళ్లీ చూడండి. అట్ట మీద నుంచి బోల్టులు ఒక్కొక్కటే తెచ్చి ఎదురెదురుగా బిగించండి.

వైరు తగిలించి ఆట సరిచేసి, ఫిల్టరు మార్చి, మాన్యువల్ చెప్పినంత ఆయిలు పోయండి. ఇంజను ఓ రెండు మూడు నిమిషాలు నడిపి ఆపి, కాసేపాగి బండి నిటారుగా పెట్టి లెవెల్ చూడండి. సెంటర్ స్టాండు మీద వెనక చక్రం లేపి లేదా ఎవరినైనా పట్టుకోమని, లివరు పూర్తిగా పట్టుకుని మొదటి గేరు వేయండి. బండి గట్టిగా ముందుకు లాగితే ఆట ఎక్కువైంది, క్లచ్ పూర్తిగా విడవట్లేదు. చల్లటి ఆయిల్లో చక్రం నెమ్మదిగా తిరగడం మామూలే.

మొదటి రోజు ఇసుకలోకి, గుట్టల్లోకి వద్దు. గొల్లపూడి నుంచి ఇబ్రహీంపట్నం దాకా రోడ్డు మీద గేర్లన్నీ వాడుతూ మెల్లగా వెళ్లి రండి, ఇంటికొచ్చాక కవరు అంచున ఆయిలు తడి ఉందేమో చూడండి. దించిన పాత ఆయిలుని కాలువలో పోయొద్దు. మన విజయవాడ మధ్య పారే బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ నీళ్లు కింద పొలాలకు పోతాయి. డబ్బాలో పోసి ఆటోనగర్‌లో ఆయిలు మార్చే షాపుకి ఇచ్చేయండి.

ఓ 200 కి.మీ. తిరిగాక లివరు ఆట మళ్లీ కొలవండి. ప్లేట్లు సర్దుకునే కొద్దీ చాలా బండ్లలో ఆట తగ్గుతుంది, అడ్జస్టర్ కాస్త తిప్పితే సరిపోతుంది. 500 దగ్గర ఆయిలు ఒకసారి దించి చూడండి, కొత్త ప్లేట్ల పొడి అందులోకి వచ్చి ఉంటుంది.