షుగర్ వల్ల రెటీనా దెబ్బతిన్నవారు సూదికి, లేజర్‌కు ఎలా సిద్ధపడాలి

కంటిలోకి సూది వేయాలని గాని, లేజర్ పెట్టాలని గాని వైద్యులు చెప్పినప్పుడు, ఆ చికిత్స పోయిన చూపును తెప్పించడానికా, ఉన్న చూపును నిలబెట్టడానికా అన్నది మొట్టమొదట అడిగి తెలుసుకోవాలి. మధుమేహం కంటి వెనుక పొర అయిన రెటీనాలోని సన్నని రక్తనాళాలను దెబ్బతీసినప్పుడు వాటి నుంచి నీరు ఊరి, చదవడానికీ ముఖాలు గుర్తుపట్టడానికీ ఆధారమైన రెటీనా మధ్యభాగం, అంటే మాక్యులా, వాచిపోతుంది. రక్తం సరిగా అందని రెటీనా వీఈజీఎఫ్ అనే ప్రోటీన్‌ను ఎక్కువగా విడుదల చేయడం వల్ల పెళుసైన కొత్త నాళాలు పుట్టి, అవి చిట్లితే కంటి లోపలే రక్తం చిమ్ముతుంది. సూదిమందు ఆ ప్రోటీన్‌ను అడ్డుకుంటుంది. లేజర్ రక్తం అందని అంచు భాగాలను కాల్చి, ఆ ప్రోటీన్ పుట్టుకనే తగ్గిస్తుంది.

మాక్యులా వాపు చూపును తగ్గించినప్పుడు సాధారణంగా సూదితోనే మొదలుపెడతారు. మందుల ధరల్లో చాలా తేడా ఉంది. బెవాసిజుమాబ్ 2004లో అమెరికాలో పెద్దపేగు క్యాన్సర్‌కు అనుమతి పొందిన మందు. దీన్ని చిన్న మోతాదులుగా విడదీసి కంటికి వాడతారు కాబట్టి ఖర్చు తక్కువే గాని, ఆ విడదీయడం ఎంత శుభ్రంగా జరుగుతుందో అడగడానికి మొహమాటపడనవసరం లేదు. రానిబిజుమాబ్, అఫ్లిబర్‌సెప్ట్ కంటికోసమే తయారైనవి. ఇటీవల గుండెపోటు గాని, పక్షవాతం గాని వచ్చి ఉంటే, లేదా గర్భవతి అయితే, ఆ మాట ముందుగానే చెప్పాలి. రక్తం పలచబడే మాత్రలను వైద్యుల సలహా లేకుండా ఆపకూడదు.

సూది రోజున ప్రత్యేకంగా చెబితే తప్ప ఉపవాసం అక్కరలేదు. టిఫిన్ చేసి, షుగర్ మందు వేసుకునే వెళ్లాలి. కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేస్తారు కాబట్టి బండి నడపకుండా తోడు తీసుకుని వెళ్లడం మంచిది. కన్ను ఎర్రగా ఉన్నా, పుసులు కడుతున్నా ఆ సంగతి దాచకూడదు. మత్తు చుక్కలు వేసి, పోవిడోన్ అయోడిన్‌తో శుభ్రం చేసి, నల్లగుడ్డు అంచుకు 3.5 నుంచి 4 మిల్లీమీటర్ల దూరంలో తెల్లగుడ్డు గుండా సాధారణంగా 0.05 మిల్లీలీటర్ల మందు ఎక్కిస్తారు. ఒత్తినట్టు అనిపిస్తుంది, కొద్దిసేపట్లోనే అయిపోతుంది.

తర్వాత ఒకటి రెండు రోజులు నల్లని బుడగలు తేలడం, తెల్లగుడ్డు మీద ఎర్రని మచ్చ పడటం మామూలే. కన్ను నలపకూడదు, అందులో నీళ్లు పడనివ్వకూడదు, వైద్యులు చెప్పే వరకు తలస్నానం చేయకూడదు. అయితే నొప్పి, ఎరుపు పెరిగినా, వెలుతురు భరించలేకపోయినా, చూపు తగ్గినా అది కంటిలోపలి ఇన్ఫెక్షన్ కావచ్చు. అరుదైనదే గాని, గంటల్లో చూపును తీసేయగలదు కనుక తెల్లవారే వరకు ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

కొత్త నాళాలకు పెట్టే లేజర్‌ను చాలామందికి రెండు మూడు విడతలుగా చేస్తారు. కూర్చోబెట్టి, కంటిమీద లెన్స్ ఆనించి చేస్తారు. కొందరికి నొప్పి ఉంటుంది. దాని తర్వాత రాత్రి చూపు, పక్కచూపు కొంత తగ్గవచ్చు, మాక్యులా వాపు పెరగవచ్చు కూడా. చూపు మెరుగుపడలేదని చికిత్స విఫలమైనట్టు భావించవద్దు.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది మధ్యలో మానేయడం. సూదిమందు ప్రభావం కొన్ని వారాలే ఉంటుంది. అందుకే మొదట్లో నెలనెలా కొన్ని సూదులు, ఆపైన రెటీనా పొరల్లో వాపు ఎంతుందో చూపే ఓసీటీ స్కాన్ చూసి ఎడం పెంచడం జరుగుతుంది. కొత్త నాళాలున్న కంటికి కూడా రెండేళ్ల వరకు సూదులు లేజర్‌కు తీసిపోవని 2015లో అమెరికాలో వెలువడిన పరిశోధన చూపింది. కానీ ఆ ఫలితం క్రమం తప్పకుండా చికిత్సకు వచ్చినవారికే వర్తిస్తుంది. సూదుల మీదే ఆధారపడి మధ్యలో మానేసినవారి కళ్లలో నాళాలు మళ్లీ పెరిగి, రెటీనా ఊడే ప్రమాదం ఉంది. కనుక గల్ఫ్‌కు పనికి వెళ్లబోయేవారు, నెలనెలా ఊరి నుంచి రాలేనివారు ఆ విషయం మొదటి రోజే చెప్పాలి. అటువంటివారికి లేజర్ ముందే పూర్తి చేయించుకోవడం మేలని నా అభిప్రాయం. చికిత్స సాగుతున్నన్నాళ్లూ ఇంట్లో రోజూ ఒక కన్ను మూసి రెండో కంటితో క్యాలెండర్ చూడాలి. గీతలు వంకరగా కనిపించినా, మధ్యలో మసక పడినా తదుపరి తేదీ కోసం ఎదురుచూడకుండా చూపించుకోవాలి.